హెరాల్డ్ వెనక చక్రం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి ఫోన్ చేసి ‘అన్నా, నీ కారు గురించి ఒక పావుగంట మాట్లాడు’ అన్నాడు. ఈ సభలో డాక్టర్లున్నారు, పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన వాళ్లున్నారు. షెడ్డు నడిపేవాడు మాట్లాడేదేముంటుందని మొదట వద్దన్నాను. కానీ ఆ కారు కథలో ఈ బడి కూడా ఉంది కాబట్టి ఒప్పుకున్నాను.

1982లో చిత్తూరులో ఒక డాక్టరుగారి దగ్గర పాత స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాను. రెండు తలుపులది. మద్రాసు పక్కన వండలూరు ఫ్యాక్టరీలో తయారైన బండి. బానెట్టు, మడ్‌గార్డులు, లైట్లు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకి లేస్తాయి. మొసలి నోరు తెరిచినట్టుంటుంది. ఇంజను 948 సీసీ. బండి గీసింది ఇటలీ ఆయన, మికెలోట్టి. ఇదే చాసిస్‌ను పొట్టి చేసి ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు దించారు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. అడుగున ఉన్నది స్పోర్ట్స్ కారే కదా, పైన నాలుగు మార్పులు చేస్తే షోళవరం పందేనికి తీసుకుపోవచ్చు అనుకున్నాను. పుత్తూరు, నాగలాపురం, ఊత్తుక్కోట మీదుగా పోతే షోళవరం మనకు ఎంత దూరం! యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే అది. ఫియట్లు, హెరాల్డులు అక్కడ ఈలలు వేస్తూ తిరుగుతుంటే కంచె దగ్గర నిలబడి చూసినవాణ్ణి.

ఇక నేను చేసిన తప్పులు. రెండు చేశాను. రెండూ తెలివైన పనులనుకునే చేశాను.

మొదటిది మౌంటింగుల సంగతి. ఇంజను, గేర్‌బాక్సు చాసిస్ మీద నేరుగా కూర్చోవు, రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి. హెరాల్డులో వెనక డిఫరెన్షియల్ కూడా అంతే. మిగతా బండ్లలో అది ఇరుసుతో పాటు కిందా మీదా ఊగుతుంది. ఇందులో చాసిస్‌కే బిగించి ఉంటుంది, ముందు రెండు రబ్బర్లు, వెనక ఒక పొడుగాటి బోల్టుకు బుష్‌లు. నా బండిలో ఆ రబ్బరంతా వడలిపోయి వడియంలా అయింది. క్లచ్చు వదిలితే కింద ‘టక్’మనేది. యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ క్రౌన్ చక్రం మీదికి ఎక్కబోతుంది, దాంతో డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. లేవకుండా చేస్తే ఇంజను బలం ఒక్క చుక్క కూడా వృథా కాదని నా లెక్క. రబ్బర్లన్నీ పీకేసి, లేత్ మీద అల్యూమినియం ముక్కలు తిప్పించి గట్టిగా బిగించాను.

బండి బాణంలా కదిలింది, అబద్ధం చెప్పను. కానీ నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకు రెండుసార్లు అదురుతుంది. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకు 100 అదుర్లు. ఆ అదురు మింగాల్సిన రబ్బరును నేను తీసి పారేశాను. ఇక మింగాల్సింది చాసిసే. డిఫరెన్షియల్ వెనక బోల్టు పట్టే చెవి దగ్గర సన్నటి బీట పడింది. దాని మీద గ్రీజూ దుమ్మూ పేరుకుని ఉంది. నేను చూడలేదు.

రెండోది వెనక స్ప్రింగు. లారీ కింద ఉండే ఆకుల కట్టలాంటిదే, కానీ హెరాల్డులో అది అడ్డంగా, డిఫరెన్షియల్ నెత్తిన కూర్చుంటుంది. రెండు చివర్లకూ రెండు చక్రాలు. కట్ట వంగిపోయి బండి వెనక కుంగింది. మనూరి రోడ్లలో గుంతకొకసారి సైలెన్సర్ తగిలేది. లారీ స్ప్రింగులు చేసే షెడ్డులో వంపు ఎక్కించి, పైగా ఒక ఆకు కూడా చేర్పించాను. తోక ఎత్తుకుని నిలబడింది. బాగుందనుకున్నాను.

1983లో మా చెల్లెలికి పెళ్లి కుదిరింది. మొదటి శుభలేఖ స్వామికి ఇవ్వాలని నాయన, చెల్లెలు, నేను కొండకు పోయాం. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసినది, మెలికల మీద మెలికలు. సన్నగా వాన పడి ఆగింది. ఒక మలుపులోకి కాస్త వేగంగా వచ్చాను. ఎదురుగా కోతుల గుంపు. సగం మలుపులో కాలు యాక్సిలరేటర్ మీద నుంచి ఒక్కసారిగా తీశాను. బ్రేకు ఇంకా తొక్కనేలేదు. వెనక ఎవరో బండిని ఎత్తి పక్కకు పెట్టినట్టయింది. తోక తిరిగి, పక్కభాగం పోయి పిట్టగోడకు కొట్టుకుంది. గోడ ఆగింది కాబట్టి నేనిక్కడ మాట్లాడుతున్నాను. చెల్లెలి ముంజేయి విరిగింది. కట్టుతోనే పీటల మీద కూర్చుంది. ఆమె కూడా మన బడే, మూడో వరుసలో ఉంది. ఇప్పటికీ ఏ పేచీ వచ్చినా చెయ్యి ఎత్తి చూపిస్తుంది.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బండి మాత్రం ఎక్కలేదు.

బండిని షెడ్డుకు లాక్కొచ్చాక ఊళ్లో మేస్త్రీలంతా చూసిపోయారు. బ్రేకు పట్టేసిందని ఒకరు, టైరు అరిగిందని ఒకరు. ఎక్కువమంది చెప్పింది ఒక్కటే: ‘ఆ వెనక సామానంతా తీసి పారేసి, మామూలు హౌసింగు వెయ్యప్పా’. అదేం పిచ్చిమాట కాదు. స్టాండర్డ్ కంపెనీ వాళ్లే 1972లో గెజెల్ అని దించినప్పుడు ఈ పద్ధతి మానేసి మామూలు నిలువు ఇరుసుకు వచ్చేశారు. మన మేస్త్రీలకు, మన రోడ్లకు అదే సులువు. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను.

అప్పుడొచ్చారు మా ఫిజిక్స్ అయ్యవారు. నన్ను చూడటానికి కాదు, తన స్కూటర్ క్లచ్చు వైరు కోసం. బండి కింద దూరి చాలాసేపు చూసి బయటకొచ్చి, ‘ఒరే, ఈ చక్రం ఏ చుక్క చుట్టూ తిరగతా ఉండాదో చూపించు’ అన్నారు. నేను హబ్బు చూపించా. ‘అది దొర్లేది. కిందికీ పైకీ ఊగేది ఏడ రా?’ అన్నారు. డిఫరెన్షియల్ పక్కన క్రాస్ జాయింట్ చూపించా. ‘ఇంగ రేపు బడికి రా’ అని వెళ్లిపోయారు.

మరుసటి రోజు తొమ్మిదో తరగతి పిల్లల ముందే నన్ను నిలబెట్టి, బల్ల మీద డస్టర్ పెట్టారు. దానికి రెండు పక్కలా రెండు చెక్క స్కేళ్లు, గుడ్డపట్టీతో కీలులాగా అతికించారు. డస్టర్ అంటే బండి, స్కేళ్లు అంటే షాఫ్టులు. డస్టర్‌ను ఎత్తి పట్టుకుంటే స్కేళ్లు కిందికి వాలాయి. ‘ఒక స్కేలు కొసను లోపలికి నెట్టు’ అన్నారు. నెట్టాను. స్కేలు ఇంకా కిందికి మడుచుకుంది, డస్టర్ ఇంకా పైకి లేచింది. తర్వాత స్కేళ్లు చదునుగా ఉండేట్టు డస్టర్‌ను దించి, ‘ఇప్పుడు నెట్టు’ అన్నారు. డస్టర్ లేవలేదు.

అంతే. మలుపులో రోడ్డు చక్రాన్ని లోపలికి నెడుతుంది. వాలులో దిగేటప్పుడు బరువు ముందుకు పోయి వెనకభాగం ముందే తేలికవుతుంది, కాలు తీస్తే ఇంకా లేస్తుంది. లేస్తే చక్రాలు లోపలికి మడుచుకుంటాయి, మడుచుకుంటే ఇంకా లేస్తుంది. నేను స్ప్రింగుకు వంపు పెంచి, బండిని ఆ మొదటి మెట్టు ఇంట్లోనే ఎక్కించి రోడ్డు మీదికి తెచ్చాను. వెనకనుంచి చూస్తే చక్రాలు కాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డ మనిషిలా ఉండేవి. ఉండాల్సింది కుస్తీకి దిగినవాడిలా, కాళ్లు ఎడంగా.

ఇది నా ఒక్కడి బండి జబ్బు కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో షెవర్లే కోర్వైర్ అనే కారు మొదటి మోడళ్లకు ఇదే రకం ఇరుసు. 1965లో రాల్ఫ్ నేడర్ రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే దాని మీద. స్పిట్‌ఫైర్ వాళ్లు కూడా 1970లో కొత్త మోడల్‌కు మందు కనిపెట్టారు: కట్టలో ఒక్క ఆకునే గట్టిగా బిగించి, మిగతావి మధ్యలో తక్కెడలా ఊగేలా వదిలారు. దాని బొమ్మ ఒకటి మద్రాసు మూర్ మార్కెట్టు పాత పుస్తకాల అంగట్లో దొరికింది. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. ఎన్ని పుస్తకాలు పోయాయో తలచుకుంటే ఇప్పటికీ దిగులే.

ఆ పని నా షెడ్డులో కాదు. నేను చేసింది మోటు పని. చేర్చిన ఆకు తీసేశాను, వంపు తగ్గించాను. డిఫరెన్షియల్‌కూ స్ప్రింగుకూ మధ్య అంగుళం మందం దిమ్మ పెట్టి, పొడుగాటి స్టడ్లు వేశాను. స్ప్రింగు పైకి పోయినంత మేర బండి కిందికి దిగింది. చక్రం మరీ వేలాడకుండా రెండు పక్కలా గట్టి పట్టీలు కట్టాను. అప్పుడే ఆ చెవి దగ్గర బీట బయటపడింది. వెల్డింగు చేసి పైన రేకు ముక్క వేసి బలపరిచాను. అల్యూమినియం ముక్కలన్నీ తీసి, చిత్తూరులో రబ్బరు అచ్చు పోసే ఆయన దగ్గర కొత్త బుష్‌లు చేయించాను. ఒరిజినల్ కంటే కొంచెం గట్టివి, అంతే. సైలెన్సర్ ఇప్పటికీ గుంతల్లో తగులుతుంది. గుంత చూసి పోతాను.

షోళవరానికి తర్వాత కొన్నేళ్లకు పోయాను, పందేనికి కాదు, చూడ్డానికి. అప్పటికి కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజను వెనకపెట్టి చేసిన ఫార్ములా మారుతి బండ్లు వచ్చాయి. ఒంటి సీటువి. వాటి వెనక చక్రాల దగ్గర వంగి చూస్తుంటే ఒక కుర్రాడు ‘ఏం పోగొట్టుకున్నారు సార్?’ అని అడిగాడు. ఇప్పుడు మన శ్రీసిటీలోనే ఇసుజు వాళ్లు డి-మాక్స్ పికప్‌లు చేస్తున్నారు, వాటి వెనకా నిలువు ఇరుసు, ఆకుల కట్టే. బరువు మోసే బండికి అదే సరి. ఏది మంచిదని నన్నడిగే పిల్లలకు నేను చెప్పేది, బండి ఏం చెయ్యాలో ముందు చెప్పు, తర్వాత అడుగు అని.

బాగుచేశాక అయ్యవారిని ఎక్కించుకుని కొండకు పోయి వచ్చాను. నాయనను అడిగే ధైర్యం లేక ఆయన్ను అడిగాను. దిగేటప్పుడు అదే మలుపులో, వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, మెల్లగా పోతూనే కావాలని కాలు తీశాను. తోక కదల్లేదు. అయ్యవారికి ఆ సంగతి తెలియదనుకున్నాను. అలిపిరి దగ్గర ఆపమని, దిగి, వెనక చక్రాన్ని వంగి చూసి, ‘నేను కూర్చోనుండంగా పరీక్ష పెడతావురా?’ అని వీపు మీద ఒకటి ఇచ్చారు. సాయంత్రం మా ఇంటికొచ్చి నాయనతో ఏం చెప్పారో తెలియదు. మరుసటి ఆదివారం నాయన వచ్చి ముందు సీట్లో కూర్చుని, ‘కాణిపాకం పోదాం పద’ అన్నాడు.

ఆ అయ్యవారు ఇప్పుడు లేరు. స్కేళ్లు, డస్టర్ నా దగ్గరున్నాయి, గుడ్డపట్టీ మాత్రం రెండుసార్లు మార్చాను. కారు బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక చూడాలనుకున్నవాళ్లు రండి. ఊరి చివరిదాకా తిప్పుతాను, ఒకసారికి ముగ్గురే.