ఇంట రోగి, బడిలో బిడ్డ



పిల్లల చదువును గూర్చి మాట్లాడుమని మమ్మును కోరినప్పుడు, ఏ జాబితాలోను చేరని కొందరు బిడ్డలు మాకు జ్ఞాపకమునకు వచ్చిరి. వీరు బడి మానినవారు కారు, హాజరుపట్టీలో పేరున్నది. కూలికి పోవువారును కారు. ఇంట తల్లియో తండ్రియో నాయనమ్మయో మంచము పట్టియుండగా, వారి పనులన్నియు చేసి ఆ తరువాత బడికి పోవు బిడ్డలు వీరు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానము సంగతి మీరు వినియేయుందురు. కవిటి, సోంపేట, పలాస, మందస మొదలగు మండలములలో, కొబ్బరి, జీడితోటల నడుమ, మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి కుటుంబములను పీడించుచున్నది. కారణమిదియని ఇంతవరకు ఎవరును తేల్చి చెప్పలేదు. 2023లో పలాసలో కిడ్నీ వ్యాధులకు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. ఆరోగ్యశ్రీ మూలమున డయాలసిస్ ఖర్చు చాలవరకు తప్పినది. అయితే రోగి వెంట ఎవరు పోవలెను? డయాలసిస్ సాధారణముగా వారమునకు మూడు మారులు, ఒక్కొక్క మారు నాలుగు గంటలు. బస్సు కొరకు కాచుకొనుట, మిషను ఖాళీ అగువరకు కూర్చుండుట, తిరుగు ప్రయాణము, అన్నియు కలుపుకొన్న ఆ దినమంతయు పోయినట్లే. తల్లి కూలికి పోక తప్పని ఇంట, తండ్రికి తోడు పోవువాడు ఎనిమిదవ తరగతి కుమారుడైతే, వాని చదువులో సగము ఆసుపత్రి వరండాలోనే గడచును. 6 నుండి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినములుండవలెనని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఈ బిడ్డకు దక్కునవి నూటపది.

ఉద్దానము దాక పోనక్కరలేదు. పక్షవాతము వచ్చిన పెద్దలు మన సంఘములలోను ఉన్నారు. కదలలేని రోగిని రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పకున్న వీపున పుండ్లు పడును. రాత్రివేళ ఆ పని ఎవరు చేయుచున్నారో అడిగి చూడుడి. చాలచోట్ల పెద్దకూతురే. మరునాడు మొదటి పీరియడులో ఆమె కునికిన, హోమువర్కు చూపకున్న, సోమరియని పేరు వచ్చును. ఆమె నోరు విప్పదు. ఇంటి సంగతి బయట పెట్టుటకు సిగ్గు కొంత, చెప్పిన అమ్మానాన్నలకు మాట వచ్చునను భయము కొంత.

ఇట్టి బిడ్డ తల నిమిరి, "నీవంటి బిడ్డ ఇంటికొకరుండవలెను" అని పెద్దలు మెచ్చుకొనుట గృహదర్శనములలో వినుచుందుము. ఈ మెప్పు మాకంతగా రుచింపదు. మెప్పు పొందిన బిడ్డ అలసితినని ఎట్లు చెప్పగలదు? ఇంటిపనిలో సాయపడుట తప్పు కాదు. బాలకార్మిక చట్టమునకు 2016లో చేసిన సవరణ కూడ బిడ్డ కుటుంబమునకు సాయపడవచ్చుననియే చెప్పినది. కాని బడి వేళల తరువాత, లేక సెలవులలో. చూడవలసిన గీటు అది.

మొదట ప్రధానోపాధ్యాయునికి తెలియజేయవలెను. బిడ్డ చెప్పజాలదు గనుక పెద్దలే పోవలెను. ఏయే దినములు ఆసుపత్రియో ముందుగా తెలిసిన, మాస్టారు ఆలస్యమును మన్నింతురు, ప్రక్కబల్ల పిల్లలచేత నోట్సు పంపింతురు. హాస్టలులో వేయుడని సలహా యిచ్చువారున్నారు. ఇల్లు చూచువారు కుదిరిన తరువాత మంచి మాటయే. కుదరకమునుపు పంపిన, బిడ్డ దేహము హాస్టలులోను మనస్సు తల్లి మంచము ప్రక్కను ఉండును. ఓపెన్ స్కూలును కలదు. 14 ఏండ్లు నిండినవారు సబ్జెక్టు తరువాత సబ్జెక్టు పాసగుచు ఐదేండ్లలో పదవ తరగతి ముగించుకొనవచ్చును. ఆగిపోయిన చదువునకు అది మంచి ఆధారము. కాని బడిలోనున్న బిడ్డను దానిలోనికి పంపుటకు తొందరపడరాదు. తోటి పిల్లలతో నవ్వుకొను ఆ కొద్ది గంటలు పాఠముల కంటె తక్కువవి కావు.

పింఛను సంగతియు విచారింపుడి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి పూర్తిగా మంచమునకే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు ఇచ్చుచున్నారు. ఆ సొమ్ములో కొంతతో పూటకొక మనిషిని పెట్టుకొనగలిగిన, బిడ్డకు ఆ పూట బడి దక్కును.

సంఘముగా మనము పంచుకొనదగిన పని డయాలసిస్ దినమున రోగి వెంట పోయి కూర్చుండుట. వారమునకు మూడు దినములు, ముగ్గురు మనుష్యులు; ఒక్కొక్కరికి ఒక్క దినము. రాత్రి వంతు కష్టమైనది, దానికి బంధువులే ముందుకు రావలెను. పరీక్షల నెలతో ప్రారంభించినను చాలును. వీలుగలవారు ఈ సభ ముగియకమునుపే స్త్రీల సమాజ కార్యదర్శిగారికి పేరిచ్చి, ఏ దినము వీలగునో, పగలో రాత్రియో, అదియు వ్రాసి యిండు.