గోల్కొండ చూసి వద్దాం

 

ఈ రోజు మనం గోల్కొండ కోట గురించి మాట్లాడుకుందాం.

మనం హైదరాబాదుకు పోతూనే ఉంటాం. కూలి పనికి పోతాం. పెద్దాసుపత్రికి పోతాం. చుట్టాల పెళ్లికి పోతాం. పని కాగానే బస్సెక్కి ఇంటికి వస్తాం. ఊరికే చూడడానికి ఎప్పుడైనా పోయామా?

"కోటలు చూసే తీరిక మనకెక్కడిది? అవి చదువుకున్నోళ్లకు, డబ్బున్నోళ్లకు" అంటారు కొందరు. ఆ మాట నిజమేనా? ఆలోచించి చూద్దాం.

ముందు ఆ పేరు చూడండి. గొల్లకొండ. అదే గోల్కొండ అయింది. గొర్రెలు కాసుకునే గొల్లవాళ్ల పేరు మీద వచ్చిందని పెద్దలు చెబుతారు. ఎందరో రాజులు వచ్చారు, పోయారు. కొండకు మాత్రం గొల్లవాళ్ల పేరే నిలిచింది.

కాకతీయుల కాలంలో అక్కడ మట్టి కోట ఉండేది. తర్వాత అది బహమనీ సుల్తానుల చేతికి పోయింది. 1518 నుంచి కుతుబ్ షాహీ రాజులు ఏలారు. వాళ్లే రాతి కోట కట్టించారు. బయటి గోడ చుట్టుకొలత సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. 1687లో ఢిల్లీ పాదుషా ఔరంగజేబు దండెత్తి వచ్చాడు. ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులకు కోట లొంగలేదు. చివరికి లోపలి మనిషి ఒకడు లంచానికి ఆశపడి తలుపు తీశాడు. కోట పడిపోయింది. లంచం ఎంత చేటు తెస్తుందో చూశారా?

ఇప్పుడు కోట లోపలికి పోదాం.

బాలాహిసార్ దర్వాజా అనే వాకిలి ఉంది. దాని కింద నిలబడి చప్పట్లు కొట్టండి. కొండ కొమ్మున ఉన్నవాళ్లకు వినిపిస్తుంది. ఆ రోజుల్లో ఫోన్లు లేవు. వాకిట్లోకి ఎవరైనా వస్తే పైనున్నవాళ్లకు తెలియాలి కదా! అందుకు ఇలాంటి ఉపాయం చేశారు.

మెట్లెక్కుతూ గోడల వైపు చూడండి. మట్టి గొట్టాల ముక్కలు కనిపిస్తాయి. అవి నీళ్ల గొట్టాలు. దూరాన ఉన్న దుర్గం చెరువు నుంచి కోటకు నీళ్లు వచ్చేవి. కొండ మీదికి నీళ్లు వాటంతట అవి ఎక్కవు. అందుకే తొట్లు కట్టారు. చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి తోడేవారు. అట్లా అంచెలంచెలుగా పైకి చేర్చేవారు. బిందె నెత్తిన పెట్టుకుని గట్టెక్కినవాళ్లం మనం. ఆ కష్టం మనకు చెప్పాలా?

రామదాసు చెర అని ఒక చీకటి గది చూపిస్తారు. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా కాలంలో ఆయన్ని ఖైదు చేశారు. కొండ మీద మసీదు ఉంది. అమ్మవారి గుడి కూడా ఉంది. ఆషాఢ మాసంలో హైదరాబాదు బోనాలు ముందు గోల్కొండలోనే మొదలవుతాయి. బోనం ఎత్తేది ఆడవాళ్లమే కదా!

మరి ఈ కోటకు అంత సిరి ఎక్కడిది? కృష్ణానది ఒడ్డున కొల్లూరు అనే చోట వజ్రాల గనులు ఉండేవి. సుమారు 400 ఏళ్ల కిందట పుట్టిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఆ గనులు చూశాడు. అక్కడ దాదాపు 60,000 మంది పని చేసేవారని రాశాడు. మగవాళ్లు మట్టి తవ్వేవారట. ఆడవాళ్లు, పిల్లలు ఆ మట్టి మోసేవారట. ఆ వజ్రాలు రాజుల కిరీటాలకెక్కాయి. మట్టి మోసిన ఆడవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

ఇప్పుడు చెప్పండి. ఈ కోట మనది కాదా? రాళ్లెత్తింది మనలాంటివాళ్లే. నీళ్లు తోడింది మనలాంటివాళ్లే. అప్పట్లో మామూలు ఆడదాన్ని రాణివాసం గడప తొక్కనిచ్చేవారా? ఇప్పుడు టికెట్ కొనుక్కుని మనం దర్జాగా నడిచిపోవచ్చు.

కోటకు సుమారు ఒక కిలోమీటరు దూరంలో కుతుబ్ షాహీ సమాధులు ఉన్నాయి. చుట్టూ పెద్ద తోట. పెద్ద పెద్ద గుమ్మటాలు. లోతైన మెట్ల బావులు. 2013 నుంచి పదేళ్లకు పైగా వాటికి మరమ్మతులు చేశారు. చెట్ల నీడన కూర్చుని సద్ది తినడానికి ఎక్కడ కూర్చోవచ్చో కాపలా వాళ్లను అడగండి.

అక్కడ ఒక సమాధి తప్పక చూడండి. అది హయాత్ బక్షీ బేగంది. ఆమె ఒక రాజుకు బిడ్డ. ఇంకో రాజుకు భార్య. మరో రాజుకు తల్లి. 1626లో ఆమె కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కాడు. అప్పటికి చిన్న పిల్లవాడు. రాజ్యం పనులు తల్లే చూసుకుంది. హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసిందే. ఆమెను "మా సాహెబా" అనేవారు. మాసాబ్ ట్యాంక్ అనే పేరు దాని నుంచే వచ్చింది. ఈసారి బస్సు బోర్డు మీద ఈ పేర్లు చదివినప్పుడు ఆమెను తలుచుకోండి.

ఇక ప్రయాణం సంగతి. పది మంది కలిసి పోతే ధైర్యం, సరదా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. బస్సు బోర్డు మీరే చదవండి. ఒకరిని అడిగే పని లేదు. టికెట్ కిటికీ దగ్గర ధర ఎంతో రాసి ఉంటుంది. చదివి, చిల్లర లెక్క చూసుకోండి. కోటలో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు. కోట చూపించే మనిషి కావాలంటే ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి. మెట్లు మూడు వందలకు పైగా ఉన్నాయి. పొద్దున్నే ఎక్కండి. నీళ్లు పట్టుకుపోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలు కింద భాగం చూసినా చాలు.

చివరగా ఒక మాట. కోట గోడల మీద కొందరు పేర్లు చెక్కారు. బొగ్గుతో రాశారు. వాళ్లు చదువు రానివాళ్లు కాదు. అక్షరం వచ్చినవాళ్లే! వందల ఏళ్లు నిలిచిన గోడను ఒక్క మేకు పాడు చేస్తుంది. అది నేరం కూడా. ఇలాంటి కట్టడాలను పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని 2010లో చట్టం సవరించారు. మీ పిల్లలకు ఈ మాట చెప్పండి.

మనం కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాం. వాటిని గోడ మీద పెట్టొద్దు. ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాద్దాం. ఏం చూశాం, ఏది నచ్చింది, ఎంత ఖర్చయింది, నాలుగు ముక్కలు రాద్దాం. రాలేకపోయిన అక్కకు చదివి వినిపిద్దాం. వచ్చేసారి ఆమెను కూడా తీసుకుపోదాం.

సెలవు.