అత్తను చూసుకునే కోడలికి మనం ఏం చేయగలం?



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నాం. నేను హాజరు పుస్తకం గురించి రెండు మాటలు చెబుతాను. ఎప్పుడూ మీటింగు మానని మా సంఘం అక్క ఒకామె ఈ ఏడు వరసగా నాలుగుసార్లు రాలేదు. జరిమానా వెయ్యాలా అన్న మాట వచ్చింది. ముందు ఇంటికెళ్లి చూద్దామనుకున్నాం. చూస్తే, వాళ్ల అత్తకు మతిమరుపు జబ్బు. తిన్న పది నిమిషాలకే "అన్నం పెట్టలేదు" అంటుంది. తలుపు తీసి ఉంటే వీధిలోకి వెళ్లిపోతుంది. రాత్రిళ్లు నిద్రపోదు.

దీన్ని డాక్టర్లు డిమెన్షియా అంటారు. ఇది చాదస్తం కాదు, గాలీ ధూళీ కాదు. మెదడుకు వచ్చే జబ్బు. ఎక్కువమందికి అల్జీమర్స్ వల్ల వస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా డాక్టరుకు చూపించాలి. ఎందుకంటే థైరాయిడ్ తేడా వల్లో, బి12 విటమిన్ తక్కువై్నందువల్లో వచ్చిన మతిమరుపైతే మందులతో తగ్గొచ్చు.

అలాంటివాళ్లతో వాదించొద్దు. "ఇందాకే తిన్నావు కదా" అంటే గుర్తు రాదు, కోపం వస్తుంది. "వండుతున్నానత్తా, ఈలోగా ఈ చిక్కుడుకాయలు వలిచి పెట్టు" అంటే నిమ్మళిస్తారు. జాకెట్టు లోపల ఫోన్ నంబరు రాసిన గుడ్డ కుట్టండి. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి.

మరి ఆ కోడలి సంగతి? కూలి పోయింది, నిద్ర పోయింది. పైగా "అత్తకు కూడు పెట్టదంట" అని ఊళ్లో మాట. అందుకే మా సంఘం మూడు తీర్మానాలు రాసుకుంది. జబ్బుమనిషిని చూసుకునే సభ్యురాలికి గైర్హాజరు జరిమానా లేదు. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు, వంతులవారీగా మాలో ఒకరం ఆ అత్త దగ్గర కూర్చుంటాం. నెలకో మీటింగు వాళ్ల అరుగు మీదే పెడతాం. మొదటి వంతు రోజు ఆ అక్క ఎక్కడికీ వెళ్లలేదు. రెండు గంటలూ పడుకుని నిద్రపోయింది. కన్నకొడుకూ రోజుకో పూట తల్లిని చూడాలని ఆయనకూ చెప్పొచ్చాం.

పెద్దవాళ్ల సాయానికి 14567, మనసు బాగోకపోతే టెలి మానస్ 14416. రెండూ ఉచితమే. రాసుకోండి.

మీ ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో వచ్చే మీటింగులో లెక్క తీయండి. హాజరు పుస్తకంలో ఎవరి పేరు పక్కన ఖాళీ ఉందో, ముందు ఆ ఇంటి తలుపు తట్టండి.

సెలవు.