నచ్చుటకు కర్త ఎవరు?

స్పానిషు భాష నేర్వబూనినవారికి తొలి పాఠములలోనే ఎదురగు క్రియారూపము ‘గుస్తా’. ‘మే గుస్తా ఎల్ లీబ్రో’ అనగా ‘నాకు ఆ పుస్తకము నచ్చును’ అని అర్థము. చిన్న వాక్యమే, కాని పెక్కురు తొట్రుపడునది ఇచ్చటనే.

నేనును తొట్రుపడినవాడనే. ఇంగ్లీషు వ్యాకరణము చేతబట్టి ఆ భాష నేర్చుకొంటిని. ఇంగ్లీషులో ఇష్టపడువాడు కర్త గనుక ఇందును అంతేయని తలచి, ‘యో గుస్తో’ అని వ్రాసితిని. ‘యో’ అనగా ‘నేను’. మామిడిపండ్లు నాకు నచ్చునని చెప్పబోయి, నేనే ఎవరికో నచ్చుచున్నట్లు పలికితినన్నమాట! సరిదిద్దిన వాక్యమును చూచినంతనే సిగ్గు కలిగినది. అది అచ్చముగా మన తెలుగు వాక్యమే.

‘మే’ అనగా ‘నాకు’. ‘తే’ అనగా ‘నీకు’. ‘లే’ అనగా ‘ఆయనకు’, ‘ఆమెకు’. ఒక్కరిని గౌరవించి పలుకునపుడు ‘మీకు’ అనియు అదియే. నచ్చిన వస్తువే కర్త. ‘పుస్తకము నచ్చినది, పుస్తకములు నచ్చినవి’ అని మనము క్రియను మార్చుట లేదా? అట్లే వారును వస్తువొకటియైన ‘గుస్తా’ అనియు, పెక్కులైన ‘గుస్తాన్’ అనియు అందురు. చేయు పని నచ్చినపుడు ఏకవచనమే: ‘మే గుస్తా లేయేర్’, అనగా నాకు చదువుట ఇష్టము.

‘నీవు నాకు నచ్చితివి’ అన్నప్పుడు మన క్రియ ‘నీవు’ అను కర్తను అనుసరించును. స్పానిషులోను అంతే: ‘మే గుస్తాస్’. అయితే ఈ మాటలో తరచుగా ప్రణయచ్ఛాయ యుండును. కొత్త పరిచయస్థులతో పలుకునపుడు జాగ్రత్త అవసరము.

ఈ క్రియకు మూలమైన లాటిను ధాతువునకు ‘రుచి చూచుట’ అని అర్థము. ‘ఆ మాట నాకు రుచింపలేదు’ అను తెలుగువానికి ఇది వింతగా తోచునా? స్పానిషు లాటిను సంతతి; తెలుగు ద్రావిడ భాష. రెంటికిని చుట్టరికము లేదు. అయినను ఇష్టమును గూర్చి పలుకునపుడు రెండును ఒకే త్రోవ త్రొక్కినవి. ‘నాకు తల నొప్పిగా నున్నది’ అనుటకును వారు ‘మే దుయేలే లా కబేసా’ అని, ‘నాకు’ అను మాటతోనే ఆరంభింతురు.

అన్ని వాక్యములును ఇట్లు కలిసిరావు. అయినను పరభాష నేర్చువారు ప్రతి కొత్త వాక్యము ప్రక్కను తెలుగు వాక్యము నొకదానిని వ్రాసికొని చూతురు గాక. ఇంగ్లీషు వాకిట చిక్కుపడిన తాళము ఒక్కొక్కసారి మన యింటి తాళపుచెవితో తెరచుకొనును.