ఇంటి ముందే బోట్ లిఫ్ట్: ఎత్తేది చైన్, మోసేది దిమ్మెలు

ఈరోజు కాటలీనా 22 గురించి. అమెరికాలో ట్రైలర్ మీద లాక్కెళ్లే చిన్న తెరచాప పడవల్లో బాగా పాపులర్ మోడల్ ఇది. బరువు సుమారు ఒక టన్ను. అడుగున కీల్ అనే ఇనుప రెక్క ఉంటుంది. గాలికి పడవ పక్కకి జారకుండా, బోల్తా పడకుండా కాపాడేది అదే. పాత స్వింగ్ కీల్ మోడల్‌లో ఆ రెక్క ఒక్కటే దాదాపు 250 కిలోలు. అది ఒక పిన్ను మీద వేలాడుతుంది. పిన్ను అరిగితే మార్చాలి, కానీ పడవ ట్రైలర్ మీద ఉన్నంతసేపూ కీల్ ఊడి రాదు. ప్రతిసారీ క్రేన్ ఎందుకని లిఫ్ట్ కట్టాను.

డిజైన్ సింపుల్. గోల్‌పోస్టుల్లాంటి రెండు చెక్క ఫ్రేములు, పడవకి ముందొకటి, వెనకొకటి. ఒక్కోదానికి ఒక టన్ను చైన్ బ్లాక్, వెడల్పాటి బెల్టు. బరువు రెండింటి మీదా సగం సగం పడుతుందని నమ్మకండి, బెల్టు వేసిన చోటుని బట్టి మారుతుంది. అందుకే ఒక్కో ఫ్రేము మొత్తం బరువు మోసేలా కట్టాను. కాళ్లకీ దూలానికీ మధ్య ఏటవాలు కర్రలు, కాళ్ల కింద ముందుకీ వెనక్కీ పొడవాటి దుంగలు తప్పనిసరి. లేకపోతే ఫ్రేము ఒరిగిపోతుంది.

ఇప్పుడు బెల్టు సంగతి. 500 కిలోలు వేలాడుతున్నాయనుకోండి. బెల్టు రెండు కొసలూ నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద 250 పడుతుంది. అదే కొసలు 30 డిగ్రీలకి వాలిపోతే ఒక్కోదాని మీద 500! పైగా పడవ పక్కల్ని నొక్కేస్తాయి. అందుకే పైన అడ్డంగా ఒక బలమైన దూలం పెట్టి కొసల్ని విడదీయండి.

స్తంభం, మోటారు ముందే తీసేయండి. ముందు కొంచెం, వెనక కొంచెం, మార్చి మార్చి ఎత్తండి. ట్రైలర్ లాగేటప్పుడు పడవ కింద ఎవరూ ఉండకూడదు. లాగగానే పక్కనుంచి దిమ్మెలు తోసి, పడవని వాటి మీదికి దించండి. కీల్ బరువు కింద పెట్టిన చక్రాల బల్ల మీద ఆనాకే పిన్ను ముట్టుకోండి. పిన్ను తీశాక పడవని మళ్లీ ఎత్తి, బల్లని బయటికి లాగేయండి.

చైన్ జారితే తప్పుకునే టైమ్ కూడా ఉండదు. ఎంత ఖరీదైన చైన్ బ్లాక్ అయినా సరే, దిమ్మెలు లేకుండా కింద తల పెట్టొద్దు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కీల్ తుప్పు వదిలిద్దాం. బై!