పిల్లల రాత కింద పిల్లల పేరే ఉండాలి



ఇరవై ఏళ్లుగా పిల్లల మధ్యే ఉన్నాను. ఈ రోజు నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

కొన్నేళ్ల కింద మా హాస్టల్లో మూడో తరగతి పాప ఒక కాగితం రాసిచ్చింది. వానొస్తే వాళ్ల ‘రోన్’ ఎక్కడెక్కడ కారుతుందో, అమ్మ ఎక్కడ ఏ గిన్నె పెడుతుందో, ఏ గిన్నె ఎలా మోగుతుందో రాసింది. అప్పుడే వార్షిక సంచికకు పిల్లల రచనలు అడిగారు. టీటీసీ చదివినదాన్ని కదా, ఎర్ర పెన్ను తీశాను. ‘రోన్’ కొట్టేసి ‘ఇల్లు’ అని రాశాను. గిన్నెల మోత తీసేశాను. చివర ‘వాన నీటిని పొదుపు చేద్దాం’ అని నీతి చేర్చాను.

సంచిక వచ్చిన రోజు పిల్లలంతా తమ పేర్లు వెతుక్కుంటున్నారు. ఆ పాప చదివి, పుస్తకం నా చేతికిచ్చేసింది. “ఇది మీది మేడం, నాది కాదు” అంది. ఆ ఏడాదంతా మళ్లీ నాకేమీ రాసివ్వలేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ఒక్కొక్కరికి ఒక నోటు పుస్తకం. పైన పేరు, ఊరు, తేదీ. అందులో నా ఎర్ర పెన్ను పడదు. ముందు రాసిన విషయం గురించి అడుగుతాను, “తర్వాత ఏమైంది?” అని. అక్షర దోషాలుంటే వాళ్లే సరిచేసుకుని వేరే కాగితం మీద ఎక్కించుకుంటారు. మొదట రాసింది అలాగే ఉంటుంది. రాయడం రాని చిన్నవాళ్లు బొమ్మ వేసి చెబుతారు. పెద్ద పిల్లలు వాళ్ల మాటల్లోనే రాస్తారు, చెప్పినవాళ్ల పేరే వేస్తారు. నలుగురిలో చదవాలంటే ముందు ఆ పిల్లనే అడుగుతాం. వద్దంటే వద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు రాసి దాచిన ప్రతులు ఉండబట్టే ఆ లిపి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ఎవరో ఒకరు కూర్చుని రాశారు, ఇంకొకరు పారేయకుండా దాచారు. ఈ రెండు పనులూ ఇప్పుడు మనవి.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఊళ్లో పిల్లలు చెప్పిన కథ, కట్టిన పాట గ్రూపుల్లో పెడుతున్నారు, మంచిదే. కానీ చాలాసార్లు పెట్టినవాళ్ల పేరు కనబడుతుంది, పిల్లల పేరు కనబడదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా రాసినవాళ్లే తొలి హక్కుదారు. అందుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వయసు అడ్డు కాదు. పిల్లనీ, ఇంట్లోవాళ్లనీ అడిగి పెట్టండి. వాళ్లు సరేనంటే పేరు వేయండి.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక్క పిల్లతో కూర్చోండి. ఒక్క పేజీ రాయించండి. మన మాట వస్తే రానివ్వండి, కొట్టేయకండి.

ఆ పాప కాగితం ఎర్ర గీతలతో ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మీ చేత అలాంటి కాగితం ఒక్కటీ తయారు కాకూడదని నా కోరిక.

జై సేవా.