మనవరాలి గిటారు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను డి.ఏ. బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవారు నా వెనుక మాట్లాడతారు. నేను మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. మనవలకు గిటారు కొనిపెట్టే వయసులో ఉన్నాం గనుక మీకు పనికిరావచ్చు.

నేను రిటైరైన ఏడాది, పదకొండేళ్ల మా మనవరాలు ఎలక్ట్రిక్ గిటారు కావాలంది. "ముందు మామూలు గిటారు మీద వేళ్లు గట్టిపడనీ తల్లీ, తర్వాత చూద్దాం" అన్నాను. సంగీతం తెలిసి అన్నమాట కాదు, ముప్పై ఏళ్లు బిల్లులు కోసిన అలవాటు! చవకలో ఉక్కు తీగలది ఒకటి కొన్నాను. మూడు నెలలకే ఆ పిల్ల దాన్ని బీరువా పైకెక్కించింది. శ్రద్ధ లేదని నలుగురిలో అన్నాను కూడా.

ఆరేళ్ల తర్వాత ఊసుపోక దాన్ని దించి నేనే కూర్చున్నాను. పది నిమిషాల్లో వేలి కొనలు కందిపోయాయి. ఒక మాస్టారికి చూపిస్తే, వీణకు ఉన్నట్టే దీనికీ మెట్లుంటాయి కదా, పన్నెండో మెట్టుకీ తీగకీ మధ్య స్కేలు పెట్టి కొలిచారు. "నాలుగు మిల్లీమీటర్లు దాటింది. రెండున్నర ప్రాంతంలో ఉండాలి. పసిపిల్ల ఏం నొక్కుతుందండీ?" అన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆయన చెప్పిన మర్మం ఇది. మామూలు గిటారులో తీగ పెట్టె పైపలకనంతా కదిలించాలి. అందుకని లావు తీగలు వేస్తారు. అన్నిటికన్నా సన్నది సాధారణంగా అంగుళంలో వెయ్యో వంతులు 12 ఉంటుంది. ఎలక్ట్రిక్ దానిలో తీగ కదలికను అయస్కాంతం, రాగి తీగచుట్ట కలిసి విద్యుత్తుగా మారుస్తాయి, శబ్దం పెంచే పని యాంప్లిఫయరుది. అక్కడ 9, 10 చాలు. వేలికి హాయి. హెడ్‌ఫోను పెట్టుకుంటే ఇరుగుపొరుగులకూ హాయి. యాంప్లిఫయరు ఖర్చు మాత్రం అదనం. నైలాను తీగల గిటారు మెత్తనిదే గాని, మెడ వెడల్పు అయిదు సెంటీమీటర్లు దాటుతుంది, చిన్న చేతులకు ఇబ్బంది.

ఎలక్ట్రిక్ అనగానే గోల అనుకుంటాం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు (1969–2014) కచేరీల్లో వాయించింది ఎలక్ట్రిక్ మాండొలినే. మామూలు మాండొలిన్‌లో నాదం చప్పున ఆగిపోతుంది, గమకం పలకాలంటే నాదం నిలవాలి. మనం చెవులప్పగించి విన్నది దాన్నే కదా!

కాబట్టి కొట్లో ధర అడిగేముందు, పిల్లవాడికి ఏ పాట వాయించాలనుందో అడగండి. మొదటి మెట్టు దగ్గర వాడి వేలితోనే నొక్కించి చూడండి. మీరే నేర్చుకునేట్టయితే, షుగరున్నవారు వేలి కొనలు రోజూ చూసుకోండి.

మా పాత గిటారుకు తీగల ఎత్తు తగ్గించి, సన్న తీగలు వేయించాను. మనవరాలు ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు చేతికిచ్చాను. కాసేపు మీటి, "ఇప్పుడు మెత్తగా ఉంది తాతయ్యా" అని, మళ్లీ నా ఒళ్లోనే పెట్టింది.

సెలవు.